కొట్టం దాకా చేరని పదిహేను వోల్టులు

మొదటి ఆదివారం, ఉదయం

మా పశువుల కొట్టంలో గడ్డి కత్తిరించే మిషన్ ఉంది. రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్. మూడు నెలలుగా సతాయిస్తోంది. స్విచ్ వేస్తే మూలుగుతుంది తప్ప తిరగదు. నాన్న పక్కనే నిలబడి చక్రాన్ని చేత్తో ఒక తోపు తోస్తే అప్పుడు అందుకుంటుంది. ఆ చక్రానికే బ్లేడ్లు ఉంటాయి. పోయిన వారం ఆయన అలా తోయడం కళ్లారా చూశాక నాకు గుండె ఆగినంత పనైంది. ఈ సంగతి తేల్చేదాకా ప్రతి ఆదివారం విజయవాడ నుంచి ఊరికి రావాలని అప్పుడే అనుకున్నాను.

ఇప్పటిదాకా చేసిన వైద్యం ఇదీ. మొదట మోటార్‌ని బయలుదేరదీసే కెపాసిటర్ మార్చారు. తర్వాత కాయిల్ వీక్ అయిందన్నారు, మోటార్ విప్పి రీవైండింగ్ చేయించారు. రీవైండింగ్ అయిన రెండో రోజే మళ్లీ అదే మూలుగు. లో వోల్టేజ్ ఏమోనని అడిగితే నాన్న ఒప్పుకోలేదు. "వోల్టేజ్ ఫుల్లుగా ఉందిరా, ఎలక్ట్రీషియన్ నా ముందే మీటర్ పెట్టి చూపించాడు" అన్నారు.

నేనూ మల్టీమీటర్ పెట్టి చూశాను. కొట్టంలో బోర్డు దగ్గర 231 వోల్టులు. నిజమే, ఫుల్లుగానే ఉంది. కానీ అప్పుడు కొట్టంలో ఏదీ ఆన్‌లో లేదు. వైరులో కరెంటు పారనప్పుడు అది ఎంత పాడైపోయి ఉన్నా వోల్టేజ్ తగ్గదు. పైపు చివర కుళాయి కట్టేసి ఉంటే లోపల ఎంత చెత్త అడ్డుపడినా ప్రెషర్ బాగానే తెలుస్తుంది చూడండి, అలాగన్నమాట. కుళాయి తిప్పితేనే సంగతి బయటపడేది.

మీటర్ అలాగే ఉంచి మోటార్ స్విచ్ వేయమన్నాను. అంకెలు గబగబా పడిపోయి 160 దరిదాపుల్లో ఊగాయి. మోటార్ మూలిగింది. స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకేసి, చక్రాన్ని ఒక పొడవాటి కర్రతో కాస్త ముందుకు జరిపి, దూరంగా వచ్చి మళ్లీ వేస్తే ఈసారి అందుకుంది. తిరగడం మొదలయ్యాక 202 వోల్టుల దగ్గర నిలిచింది. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో 11 ఆంపియర్లు.

మోటార్ బయలుదేరేటప్పుడు దానికి ఉండే బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 160 ఉంటే 70 శాతం వోల్టేజ్ అందుతోందన్నమాట, బలం మాత్రం అందులో మళ్లీ 70 శాతం. అంటే సగానికి సగం. మోటార్ తప్పేమీ లేదు, దానికి తిండి అందడం లేదు. మరి తిండి ఎక్కడ ఆగిపోతోంది?

మొదటి ఆదివారం, సాయంత్రం

మోటార్‌తో కొలతలు తీయడం కష్టం. బయలుదేరేటప్పుడు ఒక కరెంటు, తిరిగేటప్పుడు ఇంకోటి, గడ్డి పెడితే మరోటి. పైగా దాని వోల్టేజ్‌ని కరెంటుతో గుణిస్తే నిజమైన వాట్లు రావు. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు నిలకడగా కరెంటు తీసుకునే సాదా లోడు కావాలి. ఇంట్లో అలాంటిది ఒకటే ఉంది, నీళ్లు కాచుకునే హీటర్ రాడ్. 1500 వాట్లు, 230 వోల్టులు అని దాని మీదే రాసి ఉంది. "స్నానాల వేళకి రాడ్ ఎత్తుకుపోతున్నావేంట్రా" అని అమ్మ కేకేసింది. కొట్టంలో కాగిన నీళ్లు ఇంటికే మోసుకొస్తానని మాటిచ్చి తీసుకెళ్లాను.

ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్లు, అందులో రాడ్. రాడ్ పూర్తిగా మునిగాకే స్విచ్ వేయడం, స్విచ్ కట్టేశాకే నీళ్లను ముట్టుకోవడం. మా మేనల్లుడు పదో తరగతి, అంకెలు రాసుకోవడానికి వాడిని వెంటేసుకున్నాను. మొదట ఈ మాట చెప్పి, ఇంకోసారి చెప్పించుకున్నాకే పని మొదలుపెట్టాం.

మొదటి ప్రయత్నం పాడైపోయింది. ఇంటి దగ్గర మీటర్ బోర్డులో వోల్టేజ్ చూసి రాసుకుని, నడుచుకుంటూ కొట్టానికి వచ్చి అక్కడ చూసి, రెండింటి తేడాని కరెంటుతో భాగించాం. వైరు నిరోధం, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, 3.9 ఓమ్‌లు అని వచ్చింది. పది నిమిషాలాగి మళ్లీ చేస్తే 2.1. వైరు నిరోధం పది నిమిషాల్లో సగానికి పడిపోదు కదా! జరిగిందేమిటంటే, సాయంత్రం వేళ ఊళ్లో అందరూ మోటార్లూ లైట్లూ వేస్తుంటారు కాబట్టి ఇంటికి వచ్చే వోల్టేజే నిమిషానికో రకంగా మారుతోంది. మేం ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచేలోపు కొలత కాస్తా పాతదైపోతోంది.

జర్మనీలో జార్జ్ సైమన్ ఓమ్‌కి ఎదురైనదీ సరిగ్గా ఇదే ఇబ్బంది. ఆయన మొదట వాడిన బ్యాటరీలు కొలుస్తుండగానే నీరసపడిపోయేవి, అంకెలు నిలిచేవి కావు. 1826లో వాటిని పక్కనపెట్టి బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్ (కొసల వేడిలో తేడా ఉంటే వోల్టేజ్ పుట్టించే లోహాల జోడీ) పట్టుకున్నాడు. దాని ఒక కొస మరిగే నీళ్లలో, రెండో కొస మంచులో. ఆ రెండు ఉష్ణోగ్రతలూ మారవు కాబట్టి వోల్టేజ్ కూడా నిలకడగా ఉండేది. వోల్టేజ్‌ని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుందని 1827లో ఆయన పుస్తకంగా వేసిన ఓమ్ నియమం వెనక ఉన్నది ఆ నిలకడే. పాఠంలో ఈ ముక్క కూడా చెబితే పిల్లలకి ఆ సూత్రం ఎంత దగ్గరవుతుందో అనిపిస్తుంది నాకు.

మాకు నిలకడైన కరెంటు దొరకదు. అందుకని రెండు మీటర్లు పెట్టాం. మేనల్లుడు ఇంటి బోర్డు దగ్గర ఒక మీటర్‌తో, నేను కొట్టంలో ఇంకో మీటర్‌తో, ఇద్దరం ఫోన్‌లో. ముందు రెండు మీటర్లనీ ఒకే ప్లగ్గులో పెట్టి రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయని ఖాయం చేసుకున్నాం. "ఒకటి, రెండు, మూడు" అనగానే ఇద్దరం ఒకేసారి చదవడం. అయిదుసార్లు తీశాం, అయిదింటిలోనూ తేడా దాదాపు ఒక్కటే.

ఇంటి దగ్గర 229 వోల్టులు, కొట్టంలో 214 వోల్టులు, కరెంటు 6.1 ఆంపియర్లు.

బకెట్ పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని లెక్క కట్టాం. రాడ్ నిరోధం అంటే రాడ్ దగ్గరి వోల్టేజ్‌ని కరెంటుతో భాగించడం, 214 ÷ 6.1 = 35.1 ఓమ్‌లు. రాడ్ మీద రాసిన అంకెలతో సరిచూస్తే 230 × 230 ÷ 1500 = 35.3. బాగా కలిసింది, కొలతల మీద నమ్మకం కుదిరింది. రాడ్ తీసుకుంటున్న పవర్ 214 × 6.1 = 1305 వాట్లు. దారిలో పోయింది 15 వోల్టులు. దారి నిరోధం 15 ÷ 6.1 = 2.46 ఓమ్‌లు. దారిలో వేడిగా పోతున్న పవర్ 15 × 6.1, అంటే 91 వాట్లు.

మేనల్లుడు ఇక్కడ మంచి ప్రశ్న వేశాడు. "మావయ్యా, రాడ్ 1500 వాట్లు కదా, 1305 వచ్చింది. అంటే 195 తగ్గాయి. కానీ దారిలో పోయినవి 91 వాట్లేనంటున్నావు. మిగతా నూరు ఏమయ్యాయి?"

అవి ఎక్కడికీ పోలేదు, అసలు తీసుకోనేలేదు. వోల్టేజ్ తగ్గితే రాడ్‌లోంచి పారే కరెంటు కూడా తగ్గుతుంది. పవర్ అంటే ఈ రెండింటి లబ్ధం కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. 214 అంటే 230 కంటే 7 శాతం తక్కువ, 1305 అంటే 1500 కంటే 13 శాతం తక్కువ. నష్టపోవడం వేరు, అందకపోవడం వేరు. వాడు దీన్ని నోట్‌బుక్కులో గళ్లు కట్టి రాసుకున్నాడు.

బుధవారం రాత్రి

91 వాట్లు దారిలో పోతున్నాయి సరే, అది సహజమేనా కాదా అనేది తేలాలి. ఎంత మంచి వైరుకైనా కొంత నిరోధం ఉంటుంది. ఎంత ఉండాలో కొలవకుండానే లెక్క కట్టవచ్చు.

ఇంటి నుంచి కొట్టానికి సరుగుడు కర్రల మీదుగా వేసింది అల్యూమినియం సర్వీస్ వైరు, లోపల ఒంటి తీగ. వెర్నియర్‌తో చూస్తే తీగ అడ్డుకొలత 2.25 మిల్లీమీటర్లు, అంటే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. దూరం అడుగులతో కొలిచాను, 85 మీటర్లు వచ్చింది. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి దారి 170 మీటర్లు. చదరపు మిల్లీమీటర్ మందం ఉన్న అల్యూమినియం తీగకి మీటరుకి సుమారు 0.028 ఓమ్‌లు. 170 × 0.028 ÷ 4 = 1.19 ఓమ్‌లు.

ఉండాల్సింది 1.19. ఉన్నది 2.46. రెట్టింపు దాటింది. 85 మీటర్ల దారిలో ఎక్కడో ఓ చోట, వైరు కానిదేదో, ఒక ఓమ్‌కి పైగా నిరోధం పెట్టుకుని కూర్చుంది.

దారి మధ్యలో వేపచెట్టు దగ్గర ఒక అతుకు ఉంది. పాత కొట్టం తీసేసి కొత్తది వెనక్కి కట్టినప్పుడు వైరు చాలక అక్కడ పొడిగించారు. ఆ వేపచెట్టు కిందే మా గడ్డివామి. రాత్రి లెక్క కడుతుంటే ఆ రెండూ ఒకేసారి గుర్తొచ్చి ఇక నిద్ర పట్టలేదు. పొద్దున్నే నాన్నకి ఫోన్ చేసి ఆదివారం దాకా మిషన్ వేయవద్దనీ, కొట్టం మెయిన్ ఆఫ్ చేసి ఉంచమనీ చెప్పాను. గడ్డి కత్తితో కోసుకుంటున్నారు పాపం.

రెండో ఆదివారం

ముందు తేలిక పద్ధతి ప్రయత్నించాం. మెయిన్ ఆఫ్ చేసి, రెండు కొసలూ విప్పి, కొట్టం వైపు రెండు తీగలనూ కలిపేసి, ఇంటి వైపు మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టాం. ఒకసారి 1.8, వైరు కాస్త కదిలితే 2.6, ఇంకోసారి 2.0. మీటర్ తీగలను ఒకదానికొకటి తాకిస్తేనే 0.4 చూపిస్తోంది. ఇంత చిన్న నిరోధాలకి ఆ పద్ధతి సరిపోదు. మీటర్ తన చిన్న బ్యాటరీతో పంపేది కొద్దిపాటి కరెంటే, లూజ్ అతుకు అసలు రంగు దాంతో బయటపడదు. గట్టి కరెంటు పంపి, ఎక్కడ ఎన్ని వోల్టులు పడిపోతున్నాయో చూడాలి. భాగహారం మనమే చేసుకోవచ్చు.

మెయిన్ ఆఫ్‌లో ఉండగానే, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, వైరుని వేపచెట్టు మీద నుంచి కిందికి దించాం. అతుకుకి రెండు వైపులా ఇన్సులేషన్ కొద్దిగా గీకి, మీటర్‌ని క్రొకోడైల్ క్లిప్పులతో తగిలించాం. గడ్డివామికి దూరంగా పొడి చెక్క బల్ల మీద వైరుని ఉంచి, అందరం వెనక్కి జరిగాక అప్పుడు మెయిన్ వేయించాను. కొట్టంలో రాడ్ పెట్టి ఉంది, 6.1 ఆంపియర్లు పారుతున్నాయి.

కరెంటు వచ్చే ఫేజ్ తీగ అతుకు మీద 0.4 వోల్టులు. 0.4 ÷ 6.1 అంటే 0.07 ఓమ్‌లు. ఫర్వాలేదు.

మళ్లీ ఆఫ్ చేసి, క్లిప్పులు మార్చి, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ అతుకు చూశాం. 6.7 వోల్టులు.

బెత్తెడు కూడా లేని అతుకు మీద 6.7 వోల్టులు! 6.7 ÷ 6.1 = 1.10 ఓమ్‌లు. 85 మీటర్ల వైరు రానూపోనూ కలిపితే 1.19, ఈ మెలిక ఒక్కటే దాదాపు అంత. దాంట్లో వేడిగా మారుతున్న పవర్ 6.7 × 6.1 = 41 వాట్లు. నా దగ్గరున్న సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, సీసాన్ని కరిగించేస్తుంది. అది రాడ్‌తో వచ్చిన లెక్క. మోటార్ తిరిగేటప్పుడు 11 ఆంపియర్లు. కరెంటుని కరెంటుతో గుణించి నిరోధంతో గుణిస్తే 11 × 11 × 1.10, అంటే 133 వాట్లు. బయలుదేరే క్షణాల్లో కరెంటు 30 దాటుతుంది, అప్పుడు వేడి దాదాపు వెయ్యి వాట్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జౌల్ 1840ల మొదట్లోనే ప్రయోగం చేసి చూపించాడు. మా గడ్డివామి మీద ఆ నియమం మూడు నెలలుగా వేలాడుతోంది.

మెయిన్ ఆఫ్ చేసి టేపు విప్పాను. టేపు విప్పడం అనకూడదు, అప్పడంలా విరిగి రాలింది. లోపల చూస్తే అతుక్కి మధ్యలో రాగి తీగ ముక్క. వైరు పొడుగు చాలక ఎవరో చేతికి దొరికిన రాగి ముక్కను అల్యూమినియంకి చుట్టి టేపు వేసేశారు. రాగి పచ్చబారింది, అల్యూమినియం మీద తెల్లటి పొడి. ఈ రెండు లోహాలూ కలిసిన చోట తడి తగిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది. పైగా అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటుని పోనివ్వదు. వేడెక్కినప్పుడు అవి ఒక్కలా వ్యాకోచించవు కాబట్టి ఏటికేడు మెలిక వదులవుతుంది. వదులైతే వేడి పెరుగుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది. నాన్న ఆ పొడిని వేళ్లతో నలిపి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెళ్లి గడ్డివామిని చూసి వచ్చారు.

రాగి ముక్క తీసేశాను. పాడైన కొసలు కోసేసి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, వెంటనే గ్రీజు పూసి, అల్యూమినియం ఫెర్రూల్ (రెండు కొసలూ దూర్చే చిన్న గొట్టం) తొడిగి క్రింపింగ్ టూల్‌తో నొక్కేశాను. ఫేజ్ అతుక్కి కూడా అలాగే చేసి, రెండింటినీ వాన పడని డబ్బాలో పెట్టి, చెట్టుకి కాకుండా పక్క కర్రకి కట్టాం. గడ్డివామిని నాన్న సోమవారం నుంచి మార్పిస్తానన్నారు.

మళ్లీ కొలిచాం. ఇంటి దగ్గర 228, కొట్టంలో 220, కరెంటు 6.2. తేడా 8 వోల్టులు, 8 ÷ 6.2 = 1.29 ఓమ్‌లు. లెక్క ప్రకారం 1.19 ఉండాలి. 0.1 ఎక్కువొచ్చింది. దూరం అడుగులతో కొలిచాను కదా, ఏడు మీటర్లు తక్కువ లెక్కపెట్టి ఉంటే సరిగ్గా ఆ తేడా వస్తుంది. మీటర్ చదవడంలో ఒక్క వోల్టు తప్పినా చాలు. అందుకని దాని గురించి పట్టించుకోలేదు.

మోటార్ స్విచ్ వేశాం. కొంచెం బరువుగానే అయినా, ఎవరూ తోయకుండా తనంతట తాను బయలుదేరింది.

అదే రోజు, మధ్యాహ్నం

భోజనాలయ్యాక మేనల్లుడు మళ్లీ పట్టుకున్నాడు. నడుస్తున్న మోటార్‌కి 215 వోల్టులు, 9.8 ఆంపియర్లు వచ్చాయి. భాగిస్తే 21.9 ఓమ్‌లు. కానీ ప్లగ్గు పీకేసి మోటార్ కాయిల్‌ని ఓమ్‌ల మీద కొలిస్తే రెండు, రెండున్నర. ఏది నిజం?

రాడ్‌కి ఈ పేచీ లేదు. అది నైక్రోమ్ తీగ, వేడెక్కినా నిరోధం పెద్దగా మారదు. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ చూపించిందీ, కరెంటు పారుతుంటే భాగహారంలో వచ్చిందీ ఒకటే. కొట్టంలో వేలాడే పాత వంద వాట్ల ఫిలమెంట్ బల్బు అలా కాదు. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు రావాలి, చల్లారాక మీటర్ పెడితే 40 చిల్లర. టంగ్‌స్టన్ రెండు వేల డిగ్రీలు దాటి కాలుతుంది, ఆ వేడికి నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది. రెండు కొలతలూ నిజమే, ఏ స్థితిలో తీశామో చెప్పాలి అంతే.

మోటార్ సంగతి ఇంకో రకం. అది తిరుగుతూ వచ్చే వోల్టేజ్‌కి ఎదురు వోల్టేజ్ తనలోనే పుట్టిస్తుంది. కరెంటుని అదుపులో ఉంచేది కాయిల్ నిరోధం కాదు, ఈ ఎదురు వోల్టేజ్. అందుకే చక్రం తిరగకుండా మూలిగేటప్పుడు అడ్డు చెప్పేది లేక కరెంటు అంత ఎగబాకుతుంది, కాయిల్ కాలిపోతుంది. రీవైండింగ్ చేయాల్సి రావడానికి కారణం బహుశా ఇదే అయి ఉంటుంది.

వాట్ల సంగతి కూడా అలాగే. 215 × 9.8 = 2107. ఇది వాట్లు కాదు. మోటార్‌లో కరెంటు వోల్టేజ్‌తో కలిసి నడవదు, కాస్త వెనకబడుతుంది. కాబట్టి నిజంగా ఖర్చయ్యే పవర్ అంతకన్నా తక్కువ. ఎంత తక్కువో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, కరెంటు మీటరే చెబుతుంది. మా మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కి 3200 మిణుకులు అని దాని మీదే ముద్రించి ఉంది.

ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి ముందు రాడ్‌తో పరీక్షించాం. మేనల్లుడు మిణుకులు లెక్కపెట్టాడు, నేను స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. 100 మిణుకులకి 80 సెకన్లు. 3200 మిణుకులు గంట పాటు వెయ్యి వాట్లు వాడితే వచ్చేవి కాబట్టి, లెక్క తేలింది 1406 వాట్లు. ఇంటి దగ్గరి వోల్టేజ్ 228ని 6.2తో గుణిస్తే 1414. ఎనిమిది వాట్ల తేడా. ఎర్ర లైటు చూసి ఇంత దగ్గరగా వస్తుందని నేనే అనుకోలేదు, వాడైతే ఎగిరి గంతేశాడు.

ఇక మోటార్. 100 మిణుకులకి 63 సెకన్లు, అంటే 1786 వాట్లు. ఇందులో వైరు తినేది 9.8 × 9.8 × 1.29 = 124 వాట్లు. మోటార్‌కి చేరింది 1662. గుణకారంలో వచ్చిన 2107తో పోలిస్తే 0.79 వంతు. దీన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. ఆ మాట చాలామంది వినే ఉంటారు కానీ ఇలా ఇంటి మీటర్ ముందు నిలబడి లెక్కపెట్టి తెలుసుకుంటే అది మనదైపోతుంది.

మూడో ఆదివారం

వైరు మార్చాలా వద్దా అని నాన్నతో మాట్లాడాను. బిల్లు మిగులుతుందని మార్చడం దండగ. మందమైన వైరు వేస్తే 1.29 బదులు అర ఓమ్ అనుకుందాం, 9.8 ఆంపియర్ల దగ్గర మిగిలేది 76 వాట్లు. మిషన్ రోజుకి గంట నడిస్తే నెలకి రెండు యూనిట్ల పైచిలుకు. వైరు ఖరీదు ఆ లెక్కన ఎన్నేళ్లకీ తిరిగి రాదు. కానీ మోటార్ బయలుదేరేటప్పుడు మాత్రం ప్రతి అర ఓమ్‌కీ 15 వోల్టులు పోతాయి. మోటార్ ఇంకా బరువుగానే లేస్తోంది. వేసవిలో ఊరి వోల్టేజ్ తగ్గితే మళ్లీ మూలుగు మొదలవుతుంది, నాన్న మళ్లీ చక్రం మీద చెయ్యి వేస్తారు. నాకు కావాల్సింది ఆ చెయ్యి అక్కడికి వెళ్లకుండా ఉండటం.

అల్యూమినియం 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.8 ఓమ్‌లు, 10దైతే 0.48. రాగి 4దైతే 0.72, ధర ఎక్కువ. 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియమే తీసుకున్నాం. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క. షాపులో టేపుతో కొలిపించాలని ఈసారి ఇంటి దగ్గర టేపుతోనే కొలిచాను. 86 మీటర్లు. అప్పుడే నాకు వెలగాల్సింది, కానీ వెలగలేదు.

నాలుగో ఆదివారం

వైరు లాగేసరికి మధ్యాహ్నం రెండయింది. బాబాయి వచ్చి సాయం పట్టాడు. రెండు కొసలకీ లగ్గులు నొక్కి బిగించాం. పాత వైరు చుట్ట చుట్టి అటక మీద పెట్టాం.

రాడ్, బకెట్, రెండు మీటర్లు, ఫోన్లు. ఇంటి దగ్గర 229.0, కొట్టంలో 225.2, కరెంటు 6.4. తేడా 3.8 వోల్టులు, 0.59 ఓమ్‌లు. మోటార్ వేస్తే రెండు సెకన్లలో పూర్తి వేగం. అందరూ సంతోషించారు. నాన్న ఒక కట్ట నేపియర్ గడ్డి అక్కడికక్కడే కత్తిరించి గేదెలకు వేశారు.

మేనల్లుడు మాత్రం నోట్‌బుక్ వెనక్కి తిప్పుతున్నాడు. "మావయ్యా, 0.48 రావాలి కదా. 0.11 ఎక్కువ వచ్చింది. పోయినసారి కూడా 0.1 ఎక్కువే వచ్చింది."

నోట్‌బుక్ లాక్కుని చూశాను. పాత వైరుకి 1.19 రావాల్సింది 1.29. కొత్తదానికి 0.48 రావాల్సింది 0.59. పోయినసారి ఆ తేడాని నా అడుగుల లెక్క మీద వేశాను, కానీ టేపుతో కొలిస్తే తేలింది ఒక్క మీటరే. పైగా తప్పు పొడవులో ఉంటే వైరు మందం పెరిగినప్పుడు అది కూడా తగ్గాలి. తగ్గలేదు. వైరు మారినా మారని నిరోధం వైరులో ఉండదు. రెండుసార్లూ అలాగే ఉన్నదేదో, అందులో ఉంది.

మారనివి రెండే, ఇంటి బోర్డూ కొట్టం బోర్డూ. కొట్టం బోర్డులో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు ఉంది, నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నది. రాడ్ ఆన్‌లో ఉండగా రబ్బరు చెప్పులు వేసుకుని, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఫ్యూజుకి వచ్చే కొస మీద ఒక ప్రోబ్, వెళ్లే కొస మీద ఇంకోటి పెట్టాను. 0.7 వోల్టులు. 0.7 ÷ 6.4 అంటే 0.11 ఓమ్‌లు.

మెయిన్ ఆఫ్ చేసి పీకి చూస్తే లోపలి ఇత్తడి పట్టీలు నల్లగా మాడి ఉన్నాయి, ఒక పట్టీ స్ప్రింగు పట్టు పోయి వదులుగా ఉంది. రాడ్‌తో నాలుగున్నర వాట్లు, మోటార్‌తో పది దాకా ఆ పింగాణీ లోపల కాలుతున్నాయి. ఇప్పటికి గరుకు కాగితంతో రుద్ది, పట్టీలు శ్రావణంతో దగ్గరికి వంచి మళ్లీ పెట్టాను. 0.7 కాస్తా 0.2కి దిగింది. వచ్చే ఆదివారం దాన్ని పీకేసి ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్) పెట్టాలి, దాంతోపాటు ఇంటి బోర్డు వైపు మెయిన్ స్విచ్ మీద కూడా ఇలాగే వోల్టులు చూడాలి. రెండు పోళ్ల ఎంసీబీ, 16 ఆంపియర్లు, సి రకం, మోటార్ బయలుదేరేటప్పటి కరెంటుకి వెంటనే పడిపోదు కాబట్టి. మేనల్లుడు చాక్‌పీస్‌తో కొట్టం గోడ మీద తేదీ వేసి "0.59" అని రాశాడు, కింద ఇంకో గీత ఖాళీగా వదిలాడు.